ఆఁ అన్నాడు

శనివారం, 2

నీళ్ల రిజిస్టరు వెనకవైపు రాస్తున్నాను. ముందువైపు ఏ మడికి ఎంతసేపు నీళ్లు పెట్టామో ఉంటుంది, అది మేనేజరు చూస్తాడు. వెనకవైపు ఎవరూ చూడరు.

తుమ్ములు మొదలయ్యాయి. గడ్డి పూతకొచ్చిందంటే ఏటా నా ముక్కుకు ఇదే శిక్ష. మూతికీ ముక్కుకీ కలిపి గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాను. పెట్రోలు వాసన తగిలితే మరీ ఎక్కువవుతోంది. అందుకని ఇవాళ మొదటిసారి ఆ పని తమ్ముడికి చెప్పాను. "ముసలిదానికి నూనె కలిపి పొయ్‌రా" అన్నాను. ముసలిది అంటే మా గడ్డి కోసే మిషను. ఈ ఆసుపత్రి తోటపనిలో నాకంటే రెండేళ్లు సీనియరు. దానికి ఉత్త పెట్రోలు పోస్తే సరిపోదు, అందులోనే నూనె కలిపి పోయాలి. ఇరవై రెండేళ్లుగా కలిపింది నేనే.

పది నిమిషాలు పోయాక నీళ్ల గొట్టం చుడుతూ అడిగాను. "నూనె కలిపావా?"

"ఆఁ" అన్నాడు.

వాడిక్కడ చేరి పదకొండు నెలలైంది. నూలు మిల్లు మూతపడ్డాక మేనేజరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి నేనే పెట్టించాను. నేనొకటి చెప్తే వాడొకటి చేస్తాడు. చిన్న పనికి కూడా చెవిలో ఇల్లు కట్టుకుని పోరాలి. నాకు కోపం లేదు. రాసి పెట్టుకుంటున్నాను, అంతే.

సోమవారం, 4

ముసలిది ఆగిపోయింది.

నడక మైదానంలో మూడో వరస కోస్తుండగా. తుంటి విరిగినవాళ్లు, కాలు పడిపోయినవాళ్లు మళ్లీ నడక నేర్చుకునేది అక్కడే. గడ్డి చీలమండ దాటితే వాళ్ల కర్రలు చిక్కుకుంటాయి. ఇప్పటికే దాటింది.

ముందు దాని గొంతు మారింది. పొడిగా, సన్నగా కీచుమంది. కొళాయి దగ్గరున్న నాకే ఒళ్లు జలదరించింది. హ్యాండిలు పట్టుకున్న తమ్ముడికి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు, తోసుకుంటూ పోతున్నాడు. "ఆపు, ఆపరా" అని అరుస్తూ పరుగెత్తాను. పెడచెవిన పెట్టాడు. నేను చేరేలోపు అదే గక్కున ఆగింది.

చల్లారనిచ్చి స్టార్టు చేసే తాడు లాగాను. లాగాను, లాగాను. భుజం పట్టేసింది. షెడ్డులోకి తోసుకొచ్చి స్పార్క్ ప్లగ్ విప్పి చూశాను. తడిగా ఉంది. తుడిచి, ఇనుముకు ఆనించి తాడు లాగితే నీలంగా నిప్పు రవ్వ పడింది. నిప్పుంది. పెట్రోలు చేరుతోంది. మరి రోగమేమిటి?

మేనేజరు షెడ్డు గుమ్మం దాకా వచ్చాడు. వార్డుల్లో జలుబు తిరుగుతోందని ఆయన వారం రోజులుగా మాస్కు తీయడం లేదు.

"పద్నాలుగున తనిఖీ, మేస్త్రమ్మా. మైదానం కోసి ఉండాలి. లేకపోతే గడ్డి పని బయటి కంపెనీకి ఇచ్చేస్తా."

"కోసి ఉంటుందండి."

"మీ తమ్ముడికి ఇంకా ఏడాది నిండలేదు కదా? బయటివాళ్లొస్తే ఆ పోస్టు ఉండదు."

వాడు పక్కనే నిలబడి ఇదంతా విని గంగిరెద్దులా తలూపాడు. పోయేది తన ఉద్యోగమని ఇంగితం కూడా లేదు. ఇద్దరు పిల్లలు, ఆరు నెలలు ఖాళీగా కూర్చుని చూశాడుగా. అయినా తలూపాడు.

మంగళవారం, 5

కార్బురేటర్ విప్పాను. లోపల జిగురు. సన్నటి రాగితీగతో రంధ్రం పొడిచి, ఊది, కడిగి బిగించాను. గాలి జల్లెడ ఉతికాను. సైలెన్సరు నోట్లో మసి గీకాను. తమ్ముడు ఒక్కో ముక్కా అడక్కుండానే అందించాడు. చేతుల్లో పనితనం లేదనను. మిల్లులో పంతొమ్మిదేళ్లు మిషన్ల మధ్య ఉన్నాడు. మాటల దగ్గరే వాడి గొడవంతా.

పది స్పానరు ఇమ్మంటే పన్నెండుది ఇచ్చాడు. రెండోసారి గట్టిగా అడిగితే పద్నాలుగుది ఇచ్చాడు. నేనే లేచి తీసుకున్నాను.

స్టార్టు కాలేదు.

బుధవారం, 6

ఇవాళ తాడు లాగుతుంటే ఒకటి తట్టింది. తేలిగ్గా వస్తోంది. ముసలిదాని తాడు లాగడమంటే మొండి గేదెను లాగడమే, అలాంటిది దారపు ఉండలా వచ్చేస్తోంది. ప్లగ్ తీసి ఆ రంధ్రం మీద బొటనవేలు నొక్కిపెట్టి తమ్ముణ్ణి లాగమని సైగ చేశాను. వేలిని గట్టిగా తోయాలి. ఊదినట్టు తగిలిందంతే. లోపల గాలిని నొక్కే బలం, కంప్రెషన్, పోయింది.

సైలెన్సరు పూర్తిగా విప్పి ఆ కంతలోంచి టార్చి వేసి చూశాను. పిస్టన్ మీద నిలువుగా గీతలు, పిల్లి రక్కినట్టు. పెట్రోలు డబ్బా మూత తీసి చూశాను. మా నూనె ఆకుపచ్చగా ఉంటుంది, కలిపితే పెట్రోలుకూ ఆ రంగు వస్తుంది. డబ్బాలో ఉన్నది నీళ్లలా తెల్లగా ఉంది.

వాడూ టార్చి వేసి చూశాడు. మొహం పాలిపోయింది. అప్పుడేమన్నాడో చూడు.

"అక్కా, దీనికి నూనె పడలేదు. నువ్వు కలపలేదా?"

నన్ను! ఎదురు నన్నే అడుగుతున్నాడు!

"శనివారం కలిపావా అంటే ఆఁ అన్నావుగా!"

"ఆఁ."

"అంటే కలపకుండానే కలిపానన్నావా?"

"ఆఁ" అని తలదించుకున్నాడు.

ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి? మొహమాటానికైనా ఒక సాకు చెప్పలేదు. ముక్కుకి కట్టిన గుడ్డ తడిసిపోయింది. తుమ్ములకే.

ఇన్నాళ్లూ బద్ధకమనుకున్నాను. అబద్ధం కూడా ఉందన్నమాట. నా మాట చెవికెక్కదని తెలుసు గానీ నా మొహం మీదే అబద్ధమాడతాడనుకోలేదు.

గురువారం, 7

మేనేజరు మిషను ఎలా పాడైందో రాసిమ్మన్నాడు. నేను కాగితం మీద అబద్ధం రాయను. ఇక్కడ అందరికీ తెలుసు.

ఇలా రాశాను: "రెండో తేదీన నూనె కలపమని మా తమ్ముడికి చెప్పాను. కలిపావా అని అడిగితే కలిపానని అబద్ధం చెప్పాడు. కలపనందువల్ల మిషను లోపల రాసుకుని పాడైంది. ఆరో తేదీన అతనే ఒప్పుకున్నాడు."

మేనేజరు రెండుసార్లు చదివాడు. "సొంత తమ్ముడి మీద రాశారు!"

"జరిగింది రాశానండి."

"తనిఖీ అవగానే పిలిచి అడుగుతా. సరైన జవాబు చెప్పలేకపోతే ఈ నెలతో సరి."

"అలాగేనండి" అన్నాను. అలాగేనండి అనే అన్నాను.

నాకు కోపం లేదు.

శుక్రవారం, 8

అన్నం సహించలేదు. తుమ్ముల మందు వల్లే.

శనివారం, 9

బజారులో లేతు పట్టే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే సిలిండరు నునుపు చేసి, కొత్త రింగులు వేసి ఇచ్చాడు. "ఈసారికి బతికిందమ్మా, ఇంకోసారి నా దగ్గరికి తేవద్దు, నేరుగా పాతసామాన్లవాడి దగ్గరికి పట్టుకుపో" అన్నాడు.

సాయంత్రం మరదలు వచ్చింది, పిల్లల పుస్తకాల సంచి కుట్టించుకుందామని. నేను కుట్టుమిషను తొక్కుతున్నంతసేపూ ఏదో మాట నమిలింది. ఆఖరికి బయటపెట్టింది.

"వదినా, ఆయనతో మాట్లాడేటప్పుడు కాస్త మొహం చూసి మాట్లాడండి."

"మొహం చూడకుండా ఏం మాట్లాడానే?"

"అది కాదు వదినా. ఎదురుగా నిలబడి..."

"నలభై ఆరేళ్లుగా చూస్తున్నానమ్మాయ్ వాడి మొహం. నువ్వొచ్చి పద్నాలుగేళ్లు."

సంచి తీసుకుని వెళ్లిపోయింది. నాకు మర్యాద నేర్పడానికొచ్చింది. వాడే పంపి ఉంటాడు.

సోమవారం, 11

ఇవాళ్టిది రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున్న పదికల్లా ముసలిదాన్ని బిగించేశాం. తాడు ఇప్పుడు బరువుగా వస్తోంది, కంప్రెషన్ తిరిగొచ్చింది. డబ్బాలో ఆకుపచ్చ పెట్రోలు నేనే కలిపాను. నిప్పు ఉంది, గాలి ఉంది, పెట్రోలు ఉంది. అయినా స్టార్టు కాలేదు. ఒకసారి టప్పుమని తాడును వెనక్కి గుంజింది, నా వేళ్లు చిట్లినంత పనైంది. తన్నిందని తిట్టుకున్నాను తప్ప ఎందుకు తన్నిందో ఆలోచించలేదు.

ముందు చక్రాల్ని రెండు ఇటుకల మీద ఎత్తిపెట్టాం. తమ్ముడు ముందు చక్రం పక్కకు చేరి అటు తిరిగి గొంతుక్కూర్చున్నాడు, నాకు వాడి వీపే కనిపిస్తోంది. చక్రం చూస్తున్నాడనుకున్నాను. నేను వెనక హ్యాండిలు దగ్గర నిలబడ్డాను. మూతికి గుడ్డ ఉంది.

"లాగనా?" అన్నాను.

"ఆఁ" అన్నాడు.

లాగాను.

కత్తి అర చుట్టు తిరిగి, టప్పుమని తన్ని, వెనక్కి గుంజింది. వాడు అరిచిన అరుపు ఇంకా ఈ షెడ్డులోనే ఉంది. వాడి చెయ్యి మిషను కింద ఉంది. కత్తికి పట్టిన పాత గడ్డి ముద్దలు చేత్తో లాగి పారేస్తున్నాడు.

చొక్కా చెయ్యి మోచేతి దాకా చిరిగింది. నడిమివేలి గోరు సగం లేచిపోయింది. అంతే. అంతే అని రాయగలుగుతున్నాను. మంచి మిషనైతే ఆ లాగుడికి స్టార్టయ్యేది. ముసలిది స్టార్టు కాలేదు కాబట్టి నా తమ్ముడికి చెయ్యి ఉంది.

గోడకు ఆనించి కూర్చోబెట్టి వేలికి గుడ్డ చుట్టాను. తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. "లాగనా అంటే ఆఁ అన్నావుగా! చెయ్యి లోపల పెట్టుకుని ఆఁ అంటావా?"

"ఆఁ" అన్నాడు.

అప్పుడు చూశాను. వాడు నా కళ్లకేసి చూస్తున్నాడు, తర్వాత నా మూతి మీది గుడ్డకేసి చూస్తున్నాడు. గుడ్డ మీద ఏదో రాసి ఉంటే చదవడానికి ప్రయత్నిస్తున్నవాడిలా చూస్తున్నాడు. గొంతు పెంచకుండా, మామూలుగా అడిగాను.

"వేలు నొప్పిగా ఉందా?"

"ఆఁ."

"నొప్పి లేదా?"

"ఆఁ."

"నేనెవర్నిరా?"

"ఆఁ" అని తలూపాడు. వాడి కళ్లు భయంగా నా మొహమంతా వెతుకుతున్నాయి.

గుడ్డ లాగి పారేశాను.

"ఎప్పట్నుంచిరా?"

ఈసారి నా పెదాలు చూశాడు. వెంటనే అర్థమైపోయింది వాడికి.

"మిల్లులో చేరిన ఎనిమిదో ఏటి నుంచి" అన్నాడు. "నూలు వడికే కదుర్ల హాల్లో ఆ మోతకు ఎవడికీ వినపడదక్కా. అందరం మూతులు చూసే మాట్లాడుకునేవాళ్లం. అక్కడ నేను చెవిటివాణ్ణి కాదు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఇక్కడ పెట్టించేదానివా?"

వాడి వేలికి చుట్టిన గుడ్డకు ముడేశాను.

"మరి ఆ ఆఁ ఏంటిరా? తెలీనప్పుడు ఆఁ అంటావెందుకు?"

"ఏదో అడిగావని తెలుస్తుంది. ఏం అడిగావో తెలీదు. అందుకే ఆఁ? అంటా. మళ్లీ చెప్తావేమోనని." వేలికున్న గుడ్డ సవరించుకున్నాడు. "నువ్వు మళ్లీ చెప్పవు. వెళ్లిపోతావు."

మంగళవారం, 12

రిజిస్టరు మొదటి నుంచీ చదివాను. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాలి అని రాశాను. పెడచెవిన పెట్టాడు అని రాశాను. నా మాట చెవికెక్కదు అని రాశాను. మూడుసార్లు నా చేత్తోనే చెవి, చెవి, చెవి అని రాసుకున్నాను.

కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు. ఉండనీ.

వాడు చేరేటప్పుడు ఫారం నింపింది కూడా నేనే. వాడి రాత బాగుండదని. 'వినికిడి' అన్న చోటికొచ్చి, తలెత్తకుండానే అడిగాను, "చెవులు బాగానే ఉన్నాయిగా?" అని. ఏమన్నాడో ఇక్కడ రాయక్కర్లేదు. 'బాగుంది' అని రాసి, పక్కన సాక్షిగా సంతకం పెట్టాను. కాగితం మీద అబద్ధం రాయని మనిషిని.

వాడు శనివారం అబద్ధం చెప్పలేదు. నన్ను అడిగాడు. మళ్లీ చెప్పమని అడిగాడు.

ఆ కాగితం మేనేజరు దగ్గరుంది. ఎల్లుండి తనిఖీ. చెవుల సంగతి చెప్తే మిషను దగ్గర చెవిటివాణ్ణి ఎలా ఉంచుతామంటారు, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అబద్ధాలకోరని నేను రాసిందే నిలుస్తుంది, అప్పుడూ పోతుంది. ఎటు తిరిగినా వాణ్ణి వీధిలో నిలబెట్టేది నేనే.

"చెవుల సంగతి రాయకక్కా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు పొద్దున్న.

మాటిచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సిందేమో.

ముసలిది ఇంకా స్టార్టు కాలేదు. గడ్డి మోకాలి కింది దాకా పెరిగింది.

బుధవారం, 13

ఏడు గంటలకే షెడ్డులో ఉన్నాం. గుడ్డ కట్టుకోలేదు. నిమిషానికో తుమ్ము. వాడికి ఎదురుగా నిలబడే మాట్లాడాను. కత్తి విప్పి దూరంగా పెట్టాకే తాడు ముట్టుకోనిచ్చాను.

వాడు ఎడమ చేత్తో తాడు మెల్లగా లాగాడు. వదిలాడు. మళ్లీ లాగాడు. నేను ఎప్పుడూ తాడును స్టార్టు చేయడానికే లాగాను. వాడు ఏదో అడగడానికి లాగుతున్నట్టున్నాడు. కుడి అరచెయ్యి ఇంజను మూత మీద పెట్టి, కళ్లు మూసుకుని, నాలుగోసారి కొంచెం జోరుగా లాగాడు. టప్పుమని తన్నింది.

"అక్కా, ఇది చేతిని వెనక్కి తంతోంది. ప్రతిసారీ ఒకే చోట."

"మొన్న నన్నూ తన్నింది. నిప్పు బాగానే ఉంది కదరా?"

"నిప్పు పడుతోంది. వేళకు పడటం లేదు. పిస్టన్ పైకి రాకముందే పడుతోంది, అందుకే వెనక్కి తోస్తోంది." నా మొహం చూసి మళ్లీ అన్నాడు, "లోపలి చక్రం జరిగి ఉంటుంది. ఆవేళ అది గక్కున ఆగిందే, అప్పుడు."

పైన ఫ్లైవీలు విప్పాం. ఇరుసు మీద ఆ చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచేది గోరంత ఇనుప ముక్క, కీ అంటాం. సగానికి తెగి పక్కకు జరిగి ఉంది. మిషను లోపల పట్టేసి ఒక్కసారిగా ఆగినప్పుడు ఆ బరువైన చక్రం ఆగలేక దీన్ని కోసేసింది. వారం రోజులుగా నేను ప్లగ్ తుడిచాను, కార్బురేటర్ కడిగాను. నిప్పు ఉందా అని పదిసార్లు చూశాను. వేళకు పడుతోందా అని ఒక్కసారీ చూడలేదు.

లేతు మేస్త్రి గొణుక్కుంటూనే కొత్త కీ అరగదీసి ఇచ్చాడు. బిగించాం. మూడో లాగుడికి ముసలిది దగ్గింది, తుమ్మింది, అందుకుంది. షెడ్డంతా నీలిపొగ. నేను ఏడ్చాను. పొగకు కాదు, తుమ్ములకూ కాదు.

వాడికి మోత వినపడలేదు. అరచెయ్యి మూత మీదే ఉంది. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

కత్తి బిగించి నాలుగు గంటలకల్లా మైదానమంతా కోసేశాం. నేను ముందుండి, వాడికేసి తిరిగి వెనక్కి నడిచాను; నేను చెయ్యెత్తితే వాడు ఆపాలి, దించితే నడపాలి. అడ్డం వచ్చిన రాయి కూడా నేనే ముందు చూశాను.

ఆ తర్వాత కూర్చుని రెండో కాగితం రాశాను.

"నూనె కలిపే పని ఇరవై రెండేళ్లుగా నాది. రెండో తేదీన ఇంకొకరికి చెప్పాను. విన్నాడో లేదో చూడలేదు. డబ్బా మూత తీసి రంగు చూస్తే తెలిసేది, అదీ చూడలేదు. తప్పు నాది. ఏడో తేదీన నేనిచ్చిన కాగితంలో 'అబద్ధం చెప్పాడు', 'ఒప్పుకున్నాడు' అన్న మాటలు నిజం కావు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. నిజం మొత్తమూ లేదు. మాటిచ్చాను కదా.

గురువారం, 14

తనిఖీ వాళ్లు మైదానం మీద అటూ ఇటూ నడిచి, బూట్ల కేసి చూసుకుని, పావుగంటలో వెళ్లిపోయారు. పదకొండింటికి మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు.

గదిలో ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. మాస్కు ఉంది. నా రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. మమ్మల్ని కూర్చోమనలేదు. కిటికీలోంచి మైదానం చూస్తూనే తమ్ముణ్ణి అడిగాడు.

"చెప్పిన పని ఎందుకు చెయ్యలేదయ్యా నువ్వు?"

తమ్ముడికి ఆయన చెంప, మాస్కు తాడు మాత్రమే కనిపిస్తున్నాయి. అడిగింది తననే అని మాత్రం తెలిసింది. వాడి నోరు తెరుచుకోవడం చూశాను. ఆ అక్షరం నాలుక మీదికి వచ్చేసింది. అది బయటికొస్తే, చెప్పిన పని చెయ్యలేదని మేనేజరు ముందు ఒప్పుకున్నట్టే. మోచేత్తో పొడుద్దామని నా చెయ్యి లేచింది. పొడిస్తే నా మొహం చూస్తాడు, నేను పెదాలతో చెప్తే ఆ జవాబే చెప్తాడు, గండం గడుస్తుంది. రేపు ఇంకొకరెవరో వీపు వెనక నిలబడి లాగనా అంటారు.

చెయ్యి దించేశాను. ఇరవై రెండేళ్లలో అంత కష్టమైన పని చేయలేదు.

వాడు నోరు మూసుకున్నాడు. నా వైపు చూడలేదు.

"నాకు వినపడలేదండి" అన్నాడు.

మేనేజరు తల పంకించాడు. "అదే మీ అక్క కూడా రాసింది, విన్నాడో లేదో చూడలేదని. పక్కనే ఉండి వినపడకపోవడమేంటయ్యా?"

"నాకు వినపడలేదండి" అని మళ్లీ అన్నాడు, గొంతు కొంచెం పెంచి. "మీరిప్పుడు అడిగింది కూడా. మూతికున్నది తీసి, నాకేసి తిరిగి అడగండి. అప్పుడు చెప్తాను."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అది కూడా నాకూ మేనేజరుకే. ఆయన ఇటు తిరిగాడు. మాస్కు గడ్డం కిందికి లాగాడు. ఆయనకు మీసం ఉందన్న సంగతే మరిచిపోయాను.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

తమ్ముడు చెప్పాడు. మిల్లు, కదుర్ల హాలు, అంతా. నాకు చెప్పిందంతా చెప్పాడు, 'నువ్వు మళ్లీ చెప్పవు' అన్న ఒక్క ముక్క తప్ప.

మేనేజరు ఫైలు తీసి ఫారం వెతికాడు. "వినికిడి బాగుంది. ఇదెవరి రాత?"

"నాదేనండి. సాక్షి సంతకం కూడా నాదే."

"ఇరవై రెండేళ్లలో మీ కాగితంలో తప్పు చూడలేదు మేస్త్రమ్మా. ఒక్క వారంలో రెండు బయటపడ్డాయి."

"మూడండి" అన్నాను. "నిన్నటిదాన్లో సగమే రాశాను."

నాకు మెమో ఇచ్చాడు. ముసలిది నా బాధ్యత కాదిక. తమ్ముణ్ణి పై అంతస్తులో చెవుల డాక్టరుకు చూపించి, ఆయన ఏం రాస్తే దాన్నిబట్టి చూస్తానన్నాడు. బయటికొచ్చాక వాడి చొక్కా వీపంతా తడిసి ఉంది. నాదీ అంతే.

శుక్రవారం, 15

చెవుల డాక్టరు గంటసేపు చూశాడు. కుడి పూర్తిగా పోయింది. ఎడమలో పావు వంతు ఉంది. చెవికి వినికిడి మిషను పెడితే మాటలు కొంత తెలుస్తాయట. మరదలు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "మొహం చూసి మాట్లాడమన్నావు, నాకర్థం కాలేదే" అన్నాను. "తెలుసు వదినా" అంది.

సోమవారం, 18

ఉత్తరం వచ్చింది. తమ్ముడు ఉంటాడు. గడ్డి మిషను దగ్గర ఒంటరిగా పని చేయకూడదు, ఎదురుగా ఇంకొకరుండాలి అని రాసుంది. ఆ ఇంకొకరు నేనే. ముసలిదాని బాధ్యత వాడి పేరు మీదికి మారింది. ఇప్పుడు నేను వాడి కింద పనిచేస్తున్నట్టు లెక్క. "నూనె కలిపావా అక్కా?" అని డబ్బా మూత తీసి రంగు చూశాడు వెధవ, నా ఎదురుగానే.

నడక మైదానంలో మొదటి వరస మొదలుపెట్టాం. నేను ముందు, మూతికి గుడ్డ లేకుండా, వెనక్కి నడుస్తూ, తుమ్ముతూ. రెండో వరస చివర వాడు నావైపు చూసి ఏదో అడిగాడు. ముసలిదాని మోతలో నాకు ఒక్క ముక్క తెలియలేదు.

"ఆఁ?" అన్నాను.

నా పెదాలు చూశాడు. ఎన్ని పాట్లు పడితే స్టార్టయిన మిషనో మా ఇద్దరికే తెలుసు, అలాంటిదాన్ని ఆపేశాడు. గడ్డి దాటుకుంటూ వచ్చి, నా ఎదురుగా నిలబడి, మళ్లీ అడిగాడు.

"దీని చప్పుడు ఎలా ఉందక్కా?"